గడ్డి దూడ

మాదన్నపేట బజారులో కూరగాయల గంపలు దించుతుంటే, వాటి కింద పరిచిన తడి గడ్డి వాసన గుప్పుమంది. చేతిలో సంచీతో అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే ముందు రాజవ్వ గుర్తొస్తుంది, ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం పుడుతుంది.

మొఘల్‌పురాలో మా ఇంటి వెనక గల్లీలో రాజవ్వకు మూడు బర్రెలుండేవి. నేను కాపురానికి వచ్చింది మొదలు మాకు పాలు ఆమే పోసేది. అత్త లేని ఇల్లు మాది. పసిపిల్లకు నీళ్లు పోయడం కూడా నాకు ఆమే నేర్పింది.

పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో నా మూడేళ్ల కొడుకు జ్వరంతో పోయాడు. ఆరేళ్ల కూతురు సుశీల మిగిలింది. మిగిలిందని ఇప్పుడంటున్నాను గాని, అప్పుడు ఆ పిల్ల నా కంటికి ఆననే లేదు. రోజూ పొద్దున వాడి ఇత్తడి గిన్నెలో పాలు పోయించి, వాడు కూర్చునే పీట ముందు పెట్టేదాన్ని. సాయంత్రానికి విరిగిన పాలను మోరీలో పారబోసేదాన్ని. మేము కొనేదే అర్ధసేరు, అందులో సగం ఆ గిన్నెకే పోయేది. సుశీల గుమ్మంలో నిలబడి చూసేది.

ఆ ఏడే రాజవ్వ బర్రెల్లో ఒకదాని దూడ చచ్చిపోయింది. దూడ ఎదురుగా లేకపోతే బర్రె పాలు చేపదు. అందుకని ఆమె భర్త దూడ తోలులో గడ్డి కూరి, కుట్టించి, బర్రె ముందు నిలబెట్టాడు. పాలవాళ్లంతా చేసే పనే అది. బర్రె పొద్దస్తమానం ఆ బొమ్మను నాకుతూ పాలిచ్చేది. నాలుగో రోజు రాజవ్వ ఆ బొమ్మను మూసీ ఒడ్డున పాతేసి వచ్చింది. బర్రె రెండు రోజులు మేత ముట్టకుండా అరిచింది, తర్వాత తిన్నది. పాలు మాత్రం ఎండిపోయాయి. ఆమె భర్త గల్లీ అంతా వినబడేలా తిట్టాడు.

“మస్తు లొల్లి జేసిండు, చెయ్యనీ,” అంది నాతో. “పాలు పోతే పోయినయ్. దానికి నిద్ర వట్టింది, నాకూ వట్టింది.”

మర్నాడు మా ఇంట్లో పాలు పోస్తూ, ఇత్తడి గిన్నె దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆపేసింది.

“నీ బిడ్డ తాగుతదంటే పోస్త. గీ గిన్నెకైతే ఇగ పొయ్య.”

“అది నా కొడుకుది. నీకెందుకు?”

“నువ్వు గూడ గడ్డి దుడ్డెనే నాకుతున్నవ్ బిడ్డా. ఏడ్పొస్తే ఏడువు. గని లేసి ఆ పిల్లకు తల దువ్వు.”

నాకు ఒళ్లు మండిపోయింది. “గొడ్రాలివి, నీకేం తెలుసు?” అన్నాను.

ఆమె చెంబు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. “ముగ్గుర్ని పాతిపెట్టిన. రోజూ పొద్దుగాల లేసి, ఇయ్యాల ఏడుస్త కూసుందునా, బర్రెల కాడికి పోదునా అని నన్ను నేనే అడుగుత. బర్రెల కాడికే పోత.” అంతే, చెంబు తీసుకొని వెళ్లిపోయింది.

పౌరుషం కొద్దీ ఛత్రినాక నుంచి వచ్చే మరో పాలతన్ని కుదుర్చుకున్నాను. ఇంకో ఏడాది ఆ గిన్నె నింపాను. ఒకరోజు సుశీల ఆ పాలు తాగుతూ కనబడితే చెంప పగలగొట్టాను. నోట్లో పాలు మింగనూ లేక, ఉమ్మనూ లేక నా వైపు చూసింది. అప్పటికి గాని నాకు బుద్ధి రాలేదు. గిన్నె కడిగి అటక మీద పెట్టి, రాజవ్వ దగ్గరికి పరుగెత్తాను. కొట్టం ఖాళీగా ఉంది. బర్రెలను అమ్ముకొని నెల కిందటే వాళ్ల ఊరికి పోయారట. మా వెనక గల్లీలోనే జరిగినా నాకు తెలియలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున ఆమె వేసుకున్న ప్రశ్నే నేనూ వేసుకుంటాను. లేచి పని చూసుకుంటాను. రాత్రి నిద్ర పడుతుంది. నాకు నెమ్మది దొరికింది, నిజమే.

మొన్న సుశీల తన ఇద్దరు పిల్లలతో వచ్చింది. పాలు కాచి మూడు గ్లాసుల్లో పోశాను.

“నాకొద్దమ్మా, పిల్లలకియ్యి,” అంది.

ఆ చెంపదెబ్బ తర్వాత అది నా ఇంట్లో పాలు ముట్టలేదు.