రూఫ్ సౌండ్ ఉన్నది

మా బాపు మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుడు. డ్యూటీ నుంచి రాగానే అవ్వ, అంటే మా అమ్మ, "ఇయ్యాల ఎట్లుండె?" అని అడిగేది. "రూఫ్ సౌండ్ ఉన్నది, ఫికర్ లేదు" అనేవాడు. కాలేజీలో చేరిన కొత్తలో నేనాయన్ను సరిదిద్దబోయాను.

"సౌండ్ అంటే చప్పుడు బాపూ. రూఫ్ చప్పుడు ఉన్నదంటే అర్థమేంది?"

"ఏమో బిడ్డా, బాయిల మా పని చూసే సర్దార్ గట్లనే అంటడు" అని నవ్వాడు.

లక్సెట్టిపేట దగ్గర ఒక బడిలో ఇంగ్లిష్ టీచర్‌నయ్యాక, పాఠం కోసం నిఘంటువు తిరగేస్తుంటే 'సౌండ్' అన్న మాటకు ఇంకో అర్థం కనిపించింది: గట్టిది, లోపం లేనిది. ఇన్నేళ్లూ తప్పు నాదే. అయినా ఆ అర్థం నాకు నిజంగా తెలిసింది మాత్రం మొన్నటి వానాకాలంలో.

రిటైరయ్యాక బాపు నా దగ్గరే ఉంటున్నాడు. బాయిలో పేలుళ్ల మోతకు చెవులు సగం పోయాయి. ఒక మధ్యాహ్నం నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా తెచ్చి, తరగతి గుమ్మంలో నిలబడి పైకప్పునే చూస్తున్నాడు.

"బిడ్డా, జర పిల్లలను బయటకు పంపు."

చిరాకు పడుతూనే పంపాను. ఆ గది కప్పు తక్కువ ఎత్తే. బాపు నా టేబుల్ ఎక్కి, ఎడమ అరచేయి స్లాబుకు ఆనించి, పక్కన చేతికర్రతో కొట్టాడు.

"నీకు వినబడదు కదా!" అని గట్టిగా అరిచాను.

"చెయ్యికి ఇనవడ్తది. బాయిల గూడ రూఫ్ నేను గిట్లనే చూసేది. నువ్వు గూడ పెట్టి చూడు."

నేనూ ఎక్కాను. బోర్డు వైపు కొడితే నా అరచేతి కింద స్లాబు బండలా ఉంది. టేబుల్ కిటికీ వైపు జరిపి మళ్లీ కొట్టాడు. అక్కడ సన్నగా వణికింది, లోపల ఏదో విడిపోయి ఉన్నట్టు.

"గీడ సౌండ్ లేదు" అన్నాడు బాపు.

హెడ్మాస్టర్ వెంటనే గదికి తాళం వేయించారు. మూడో రోజు పొద్దున ప్రార్థన జరుగుతుండగా లోపల ధబ్బుమంది. తలుపు తీస్తే కిటికీ పక్క బెంచీల నిండా ఇటుకలంత పెచ్చులు. అవి తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కూర్చునే బెంచీలు.

ఇంటికి వెళ్లి చెప్పాను. బొగ్గు నుసి ఇంకిపోయి నీలం మచ్చలైన ఆయన చేతుల వైపే చూస్తుండిపోయాను. ఆ చేతుల మాట నమ్మి ఎంతమంది ఆ చీకట్లో పని చేశారో!

బాపు ఒకటే అడిగాడు. "మరి పిల్లలను ఇప్పుడు ఏడ కూసోబెడ్తున్నరు?"

"వరండాల, బాపూ."

"రేపు నేనొచ్చి అది గూడ చూస్త."