డీజిల్ ట్యాంకు మూత

ఆ రోజు అమీర్‌పేటలో బస్సెక్కినప్పటి నుంచీ నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. మేము వండే మధ్యాహ్నం భోజనం ముందు రోజు కూడా హాస్టల్‌కు ఆలస్యంగా చేరింది. ఇంకోసారి ఇలా అయితే వేరేవాళ్లను చూసుకుంటామని వార్డెన్ చెప్పేసింది. తంటా అంతా మా పాత పికప్ బండితోనే. యాక్సిలరేటర్ తొక్కితే తడబడి, టుప్ టుప్‌మని ఆగిపోతోంది. నా భర్త ఫిల్టరు మార్పించాడు, పంపు చూపించాడు, అయినా అంతే.

ఫోన్లో ఆయన మీద నేను అరవడం విని పక్క సీటులోని పెద్దావిడ అడిగింది.

“ఎప్పుడు ఆగుతది బిడ్డా? ఎల్లంగనేనా, జర దూరం పోయినంకనా?”

“అరగంట మంచిగనే పోతదమ్మా. ఆగినంక జరసేపు ఉంచితే మళ్ల స్టార్ట్ అయితది.”

ఆమె తన నీళ్ల సీసా మూతిని పెదవులతో గట్టిగా మూసి పీల్చింది. సీసా లోపలికి నొక్కుకుపోయింది, నీళ్లు రావడం ఆగింది.

“ట్యాంకు మూతకున్న సన్న బొక్క మూసుకపోయి లోపలికి గాలి పోకపోతే డీజిల్ సుత గిట్లనే రాదు. ఈసారి ఆగితే ట్యాంకు మూత తియ్యమను. మా ఆయనతోటి లారీల పదేండ్లు తిరిగిన.”

పంజాగుట్టలో ఆమె దిగిపోయింది. నేను పేరైనా అడగలేదు.

మర్నాడు ఆయనతో నేనూ బండిలో ఉండగా సోమాజిగూడలో అది మళ్లీ మొరాయించింది. నేను దిగి ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది, ఇంజన్ అందుకుంది. భోజనం వేళకే చేరింది. సాయంత్రం కొత్త మూత వేయించాం.

ఇదివరకు బండి ఆగితే నేను క్యాబిన్‌లోనే కూర్చుని ఆయన మీద విసుక్కునేదాన్ని. ఇప్పుడు అది ఎందుకు ఆగినా ముందు నేనే దిగుతున్నాను.