పదకొండు మంది కార్డు

ఆ పిల్ల చదువులో నాకంటే ముందుందని నాకు కన్ను కుట్టలేదు. వాళ్లింట్లో ముగ్గురే ఉన్నారని కుట్టింది.

మదనపల్లెలో ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది, హాస్టల్లో నా పక్క మంచం ఆమెది. పుంగనూరు పిల్ల. వాళ్ల నాన్నకు టమాటా వ్యాపారం, మా నాన్నకంటే నయంగానే బతుకుతున్నాడు. అయినా ఆమె ఫీజు ప్రభుత్వం కట్టింది, నా దరఖాస్తు వెనక్కి వచ్చింది. మా ఇంటి కరెంటు వాడకం పరిమితి దాటిందట.

దాటదా మరి? చౌడేపల్లె దగ్గర మా ఊళ్లో ఒకే ఇంట్లో పదకొండు మందిమి. అవ్వ, తాత, పెదనాన్న వాళ్లు అయిదుగురు, మేము నలుగురం. అందరికీ ఒకే మీటరు, ఒకే రేషన్ కార్డు. మనిషికింత అని చూస్తే ఆ పిల్ల వాళ్లకంటే మేమే తక్కువ వాడతాం. అట్లా చూసేవాళ్లెవరు?

దీనికంతటికీ మూలం మా అవ్వ. అంతకుముందు సర్వేకి వచ్చినాయన, అన్నదమ్ములను రెండు కుటుంబాలుగా రాయమంటారా అని అడిగితే, గడప మీద కూర్చుని గొప్పగా చెప్పింది.

"పదకొండు మందిమి నాయినా. ఒకటే పొయ్యి. అందరినీ ఒకే దాంట్లో రాసుకో."

ఆ పిల్ల తల దువ్వుకుంటూ, "మా నాయన ఎప్పుడో వేరుపడినాడు మే, అదే మంచిదయింది" అంది. ఆమె ఇంటినుంచి తెచ్చిన ఓళిగలు తింటూనే ఆమెమీద ఏడ్చాను. తినడం మాత్రం మానలేదు.

ఆ ఏడాది ఫీజుకు ఇంట్లో పాడి ఆవు పోయింది. రెండో ఏడాదికి అమ్మడానికి ఏమీ లేదు, చదువు మానుకోమని నాన్న అనేశాడు. వేరుపడదామన్న మాట పెదనాన్నే ఎత్తాడు. తర్వాత వెనక గదికి వేరే మీటరు పెట్టించారు, అందులో గ్యాసు పొయ్యి పెట్టారు. గ్రామ సచివాలయం చుట్టూ తిరగ్గా తిరగ్గా వాళ్లొచ్చి చూసి, మా నలుగురికీ కార్డు వేరుచేశారు. నా ఫీజు వచ్చింది.

ఆ పొయ్యి వాళ్లకు చూపించడానికి పెట్టిందే. మళ్లీ ఎవరైనా వస్తారేమోనన్న భయంతో అమ్మ రోజూ దానిమీదే వండింది. తర్వాత అదే అలవాటైపోయింది.

మొన్న సెలవులకు వెళ్లినప్పుడు, అమ్మ వండిన అలసంద కూర గిన్నెతో అవ్వ దగ్గరికి వెళ్లాను. గడప దగ్గర సర్వే జరుగుతోంది. ఇంట్లో ఎంతమంది అని సర్వే ఆయన అడిగాడు.

"ఏడు మందిమి నాయినా" అంది అవ్వ.

ఆయన నావైపు చూసి, ఈ పాప ఎవరని అడిగాడు.

"ఆ పాపోళ్లు వేరే. కార్డు వేరే, పొయ్యి వేరే. కలిపి రాసేవు, సూసి రాయి."

నా ఫీజు కోసమే అంత గట్టిగా చెప్పిందని నాకు తెలుసు. అయినా ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న పెదనాన్న చిన్నకూతుర్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఏడుగురిలో అది ఉంది.