గట్టు సాక్షులకు ఉగ్గాని

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డు దాపున జకరయ్యకు ఎకరన్నర నల్లరేగడి చేను ఉంది. చుట్టూ చేలన్నీ ప్లాట్లయిపోయాయి. నీళ్లొచ్చే పిల్లకాలువ వెంచర్ రోడ్డు కింద పూడిపోయింది. నిరుడు జొన్న వెన్ను తీసే వేళకు తడి లేక ఎండింది. ఈ ఏడూ అంతే అయితే తానూ అమ్ముకోక తప్పదు. ఇక మిగిలిన ఆశ ఒక్కటే, సర్కారు ఉచితంగా తవ్వించే నీటిగుంట.

అర్జీ పెడితే, నాలుగు గట్ల పక్క రైతులూ వచ్చి అభ్యంతరం లేదని సంతకం పెట్టాలన్నారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది! రైతే లేని చోట పక్క రైతు సంతకమట. ప్లాట్లవాళ్లు ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగళూరులో. జకరయ్య ఎలాగో నంబర్లు సంపాదించి పన్నెండు మందికి ఫోన్ చేశాడు. సగం మంది ప్లాట్లు అమ్మే ఏజెంటనుకుని పెట్టేశారు. మిగతావాళ్లు చూద్దామన్నారు.

అయినా ఆయన పద్ధతి తప్పలేదు. గట్టు దగ్గరికి సాక్షులను పిలిచినవాడు అక్కడే వాళ్లకు కడుపునిండా పెట్టాలి. ఆ వంట ఎప్పుడూ భార్య ఓబులమ్మదే. ఆమె పోయి మూడేళ్లు. కొలతల రోజు పొద్దున్నే తానే బొరుగులు తడిపి ఉగ్గాని చేసి, గట్టుకొకరు చొప్పున నలుగురికి సరిపడా, నాలుగు విస్తళ్లతో గంపలో పెట్టుకుని చేనికి పోయాడు.

వ్యవసాయ సహాయకురాలు చందన కొలతలు తీసి వేపచెట్టు కింద కూర్చుంది. సంతకాలకు అదే ఆఖరి రోజు. ఒంటిగంటయినా ఎవరూ రాలేదు.

అప్పుడొచ్చాడు ప్రభాకర్, పాత స్కూటర్ మీద. తూర్పు చేను ఒకప్పుడు అతనిదే. జానెడు గట్టు కోసం ఇద్దరూ పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. నాలుగేళ్ల కిందట చేను అమ్మి నంద్యాలలో ఇల్లు కట్టుకున్నాడు. జకరయ్య గట్టుకు పిలుస్తున్నాడని చర్చిలో విని, తనను పిలవకపోయినా వచ్చాడు. సంతకం పెడతానన్నాడు. భూమి మీ పేరున లేదు కాబట్టి చెల్లదని చందన నొచ్చుకుంటూనే చెప్పింది.

జకరయ్య విస్తట్లో ఉగ్గాని పెట్టాడు. ప్రభాకర్ రెండు ముద్దలు తిని, ఉప్పెక్కువైందని, తూర్పు వైపు చూస్తూ పాత పాటే ఎత్తుకున్నాడు.

"నా జానెడు నువ్వే తిన్నావ్."

ఆ తగాదా ఎవరైనా మళ్లీ పెట్టుకుంటే బాగుండునని జకరయ్య ఎన్నాళ్లుగా అనుకుంటున్నాడో!

"అవునప్పా, నేనే తిన్నా. దున్నేటప్పుడు గట్టు జరిపినా. తీస్కో నీ జానెడు."

ప్రభాకర్ చేయి విస్తట్లోనే ఆగిపోయింది.

"ఇప్పుడిస్తే యాడ పెట్టుకోవల్లప్పా? ఆడ రోడ్డేసినారు."

అతను వెళ్లాడు. సంతకాల్లేని కాగితంతో చందనా వెళ్లింది. గుంట ఇక రాదు. మిగిలిన మూడు విస్తళ్లూ గంపలో సర్దుకుని జకరయ్య ఇంటికి నడిచాడు.

మర్నాడు పార తీసుకొచ్చి, తూర్పు గట్టును పొడుగునా జానెడు లోపలికి జరిపాడు. పొద్దు వాలేదాకా పట్టింది. అటువైపు నిలబడి సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి ఎవరూ లేరు.