పక్క సీటు బ్రేకు

ఏ కారుకైనా బ్రేకు ఒకవైపే ఉంటుంది. మా ఎడ్వర్డ్ గారు ఎక్కిన కారుకి రెండువైపులా ఉంటుంది. పక్క సీట్లో కూర్చుని ఆయన తొక్కే బ్రేకు ఏ కంపెనీ బిగించిందీ కాదు, దాంతో కారు ఆగదు. అయినా ఆయన తొక్కడం మానరు.

నా పేరు రత్నకుమార్. దోహాలో, అల్ తుమామాలో వాళ్ళ ఫ్లాటు పైన ఫ్లాటు మాది. వాళ్ళది అమలాపురం వైపు, మాది గుడివాడ వైపు, ఇద్దరిదీ ఒకే చర్చి. నేను చాలా మంచి డ్రైవర్ని. ఈ మాట ఎవరడిగినా చెబుతాను, అడక్కపోయినా చెబుతాను. అలాంటి నా కారులో ఆయన మొదటిసారి ఎక్కిన రోజున సిగ్నల్ ఇంకా కనుచూపు మేరలో ఉండగానే పక్కనుంచి ధబ్‌మని చప్పుడైంది. టైరు పేలిందనుకుని కారు పక్కకి తీశాను.

"ఏమీ లేదండి, నా కాలండి," అన్నారు ఎడ్వర్డ్ గారు.

"కాలుకేమైంది?"

"నరవండి. కుడికాలి నరం. దానంతటదే తొక్కేస్తదండి. నా ప్రమేయం లేదు."

వెనక సీట్లో వాళ్ళమ్మాయి ఫెబి చిప్స్ తింటూ, "అవునంకుల్, డాడీకి నరం," అంది. అప్పటికి దానికి పదమూడో పద్నాలుగో.

ఆ నరం చేసిన అల్లరి అంతా ఇంతా కాదు. వాళ్ళావిడ సుసన్న గారు హాస్పిటల్లో నర్సు, కారు ఆవిడే నడుపుతారు. ఆ కారులో పక్క సీటు కింద మ్యాటు ఎప్పుడు చూసినా మడమ దగ్గర చిల్లుపడి ఉండేది. ఆ మ్యాట్లు అమ్మే మలయాళీ కుర్రాడు సుసన్న గారు కనిపిస్తే చాలు, అడక్కుండానే కుడివైపు మ్యాటు ఒక్కటే తీసి పొట్లం కట్టేవాడు.

కార్లతో ఆగితే బాగానే ఉండును. స్కూలు సంచీతో ఫెబి, ఆయన, నేను లిఫ్టులో దిగుతుంటే, లిఫ్టు కదలగానే ధబ్. మాతోపాటు దిగుతున్న ఈజిప్టు ఆయన లిఫ్టు తాడు తెగిందనుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. హైదరాబాద్ విమానం దిగేటప్పుడు, కిటికీ పక్కన ఫెబి కూర్చుని ఉండగా, ముందు సీటు పెద్దమనిషి వీపు మీదికే తొక్కారట. అక్కడి సెలవురోజైన శుక్రవారం చర్చిలో ఫెబి వాళ్ళ క్వయిరు పాట కాస్త జోరందుకుంటే చాలు, ముందు వరసలోంచి ధబ్‌మని బ్రేకు పడేది. పాస్టరు గారు మొదట్లో ఉలిక్కిపడేవారు. తర్వాత్తర్వాత ఆ చప్పుడు తన ప్రసంగం ముగించమనడానికి గుర్తనుకుని ముగించేయడం మొదలుపెట్టారు. సంఘమంతా ఎడ్వర్డ్ గారి నరానికి రుణపడి ఉంది.

ఆ నరానికి ఆయన చేయని వైద్యం లేదు. తైలం రాసేవారు, మోకాలికి పట్టీ వేసేవారు, ఉలవలు ఉడికించిన నీళ్ళు తాగేవారు. నాకు వింతగా తోచింది ఒక్కటే. ఆయన బిర్కత్ అల్ అవామిర్‌లో ఒక గోదాముల కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. ఒకసారి పనిమీద అక్కడికెళ్ళి, వాళ్ళ మనుషుల్ని, "మీ సార్ కాలు ఎలా ఉంది?" అనడిగితే, "కాలుకేమైంది?" అని నన్నే ఎగాదిగా చూశారు. డ్యూటీలో నరం కూడా భయపడుతుంది కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఇంతకీ అసలు సంగతి ఫెబి. ఇలాంటి మనిషి కడుపున పుట్టి, ఆ పిల్ల కార్ల పందాల్లో పడింది. చిన్నప్పుడు ఎవరిదో పుట్టినరోజని గో కార్టులనే బుల్లి పందెం బళ్ళ దగ్గరికి తీసుకెళ్తే, దిగమంటే దిగలేదు. అద్దె కార్టు అయింది, క్లబ్బు కార్టు అయింది, లైసెన్సు వచ్చింది, ఆ తర్వాత మామూలు కార్లని పందేనికి తయారుచేసి నడిపే సెలూన్ పందాల్లోకి వచ్చింది. ఉమ్ సలాల్‌లో ఉబైద్ అనే ఖతరీ ఆసామి తోటలో ఆ కారుకి షెడ్డు. కారు ఆయనది. దాని బాగోగులన్నీ ఆయన ఇంటి డ్రైవరు, రాయచోటి మస్తాన్ చూసుకునేవాడు.

ఫెబి కల మాత్రం స్టాక్ కారు. పైకి రోడ్డు మీద తిరిగే కారులాగే కనిపిస్తుంది గాని, లోపలంతా ఇనప చట్రం. పక్కపక్కనే రాసుకుంటూ, గుద్దుకుంటూ పోయే పందెం అది. ఆ చట్రం ఫొటో చూసినరోజు ఎడ్వర్డ్ గారు మొహం చిన్నబుచ్చుకుని ఒకటే అడిగారు.

"పక్క సీటు లేదేంటమ్మా?"

"ఉండదు డాడీ. ఒకటే సీటు."

"ఆయ్, అలాగా," అని ఊరుకున్నారు. సోఫా ముందు తివాచీ మీద మాత్రం రెండుసార్లు ధబ్‌ధబ్‌మంది.

మొన్న శీతాకాలంలో దోహా సెలూన్ సీజను ఆఖరి పందేనికి యూరప్ నుంచి ఒక స్టాక్ కారు జట్టువాళ్ళు ఇద్దరు వచ్చారు. వచ్చే ఏడాదికి ఒక కొత్త డ్రైవరు కావాలట, ముగ్గుర్ని ముందే ఎంచుకుని వచ్చారట, అందులో ఫెబి ఒకతి. వయసు మీరిపోతే మళ్ళీ పిలవరు. ఉన్నది ఈ ఒక్క పందెం. పైగా ఒక షరతు. స్టాక్ కారులో డ్రైవరుని మెడతో సహా కట్టేస్తారు, పక్కకి తల తిప్పడం కుదరదు. అందుకని ఒక మనిషి పైన గ్యాలరీ కప్పు మీద నిలబడి, ఎవడు ఎటునుంచి వస్తున్నాడో రేడియోలో చెబుతూ ఉండాలి. ఆ మనిషిని స్పాటర్ అంటారు. ముగ్గురూ ఈ పందెంలో స్పాటర్‌తోనే నడపాలి, చెప్పింది విని ఎలా నడుపుతారో చూస్తాం అన్నారు.

ఫెబికి స్పాటర్ మస్తాన్. వాళ్ళ రేడియో భాష తెలుగు. ఇంగ్లీషైనా అరబ్బీ అయినా పక్క జట్లవాళ్ళు వింటారు, తెలుగు ఎవడికీ అర్థం కాదని మస్తాన్ వేసిన ఎత్తు అది. 'లోపల' అంటే మలుపు లోపలివైపు బండి ఉందని. 'బయట' అంటే బయటివైపు. 'ఖాళీ' అంటే దారి నీదేనని.

పందెం ముందురోజు ఇసకగాలి లేచింది. మర్నాడు పొద్దున్నే నేను ట్రాక్ దగ్గరికి వెళ్ళేసరికి మస్తాన్ మెడకి తువ్వాలు చుట్టుకుని నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, మాట రావడం లేదు.

"గొంతు... పోయిండాది సార్..." అన్నాడు గాలితో. ఆ మూడు మాటలకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి వాడికి.

తెలుగు వచ్చినవాళ్ళు ఇంకెవరున్నారు? సుసన్న గారు డ్యూటీలో ఉన్నారు. నేనున్నాను గాని, ఒకసారి ప్రాక్టీసులో నా చేతికి మైకిస్తే, నేను 'నీ వెనక తెల్ల కారొకటి కొంచెం వేగంగా' అని వాక్యం పూర్తి చేసేలోగా ఆ తెల్ల కారు ఫెబిని దాటి వెళ్ళిపోయింది. ఇంక మిగిలింది ఎడ్వర్డ్ గారు. ప్రతి ప్రాక్టీసుకీ మస్తాన్ పక్కన నిలబడ్డారు, పిలుపులన్నీ తెలుసు. కాని ఈగ వాలితే బ్రేకు తొక్కే మనిషి చేతిలో మైకు పెడితే ఏమవుతుంది? "ఆగమ్మా, నెమ్మదమ్మా" అని ఆ పిల్ల ప్రాణం తీస్తారు, కారు చివర్న నిలుస్తుంది, కల అక్కడితో సరి.

"డాడీ, పైన అన్నీ ఇనప మెట్లు. నీ కాలుతో ఎక్కగలవా?" అనడిగింది ఫెబి.

"నరం కాలికేగా అమ్మా, నోటికి కాదుగా," అన్నారాయన.

ఆయన వెనకాలే నేనూ కప్పు మీదికి ఎక్కాను. మిగతా జట్ల స్పాటర్లు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని దర్జాగా నిలబడ్డారు. ఈయన పసుపుపచ్చ సేఫ్టీ జాకెట్టుతో, ఇనప ముక్కు బూట్లతో, అగ్గి అంటుకున్న గోదాము ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు.

పచ్చ జెండా ఊపారు. బళ్ళన్నీ ఒక్కసారి మొదటి మలుపులోకి దూసుకొచ్చాయి.

ధబ్! కప్పు రేకంతా అదిరింది.

"లోపల," అన్నారు ఎడ్వర్డ్ గారు.

నేను తల తిప్పి చూశాను. ఎవరి గొంతది? బియ్యం రేటు చెప్పినంత నిదానంగా ఉంది.

"లోపల... ఇంకా ఉన్నాడు... ఉన్నాడు..." ధబ్! ధబ్! "ఖాళీ."

కాలు ఒకటే బాదుతోంది. పక్క స్పాటరు, లెబనాన్ ఆయన, కప్పు కూలుతుందేమోనని రెండడుగులు దూరం జరిగాడు. రేడియోలో ఫెబి గొంతు గరగరమంది.

"డాడీ, ఏంటా చప్పుడు?"

"నరం అమ్మా. నువ్వు దారి చూడు."

ముందున్న వాళ్ళని ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. నా చేతివేళ్ళ గోళ్ళన్నీ అయిపోయాయి. ఇంక కాసేపట్లో పందెం అయిపోతుందనగా, ముందు పోతున్న రెండు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుని గిర్రున తిరిగి పక్కనున్న ఇసకలో పడ్డాయి. ఇసక మేఘంలా లేచి ట్రాక్‌ని కప్పేసింది. ఫెబి కారు సరిగ్గా అందులోకే పోతోంది. దానికేమీ కనిపించదు. వెనకాల తోకకి ముక్కు ఆనించి ఇంకో కారు తరుముకొస్తోంది. ఇది బ్రేకు వేస్తే అది వచ్చి వీపు పగలగొడుతుంది. వెయ్యకపోతే ముందు ఏముందో పైనున్న ఈయనకి తప్ప ఎవరికీ తెలియదు.

"డాడీ?" అంది రేడియో. దాని గొంతులో అలాంటి భయం నేనెప్పుడూ వినలేదు.

ఎడ్వర్డ్ గారు రెండు కాళ్ళతోనూ తొక్కారు. ఒళ్ళంతా వెనక్కి వాల్చి, పళ్ళు బిగబట్టి, లోకంలో ఉన్న బ్రేకులన్నీ ఒక్కసారే తొక్కినట్టు తొక్కారు. నోరు మాత్రం నిదానంగా అంది.

"ఎడమ ఖాళీ. ఆగకు. పో అమ్మా."

ఇసకలోకి వెళ్ళిన కారు కనిపించలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచేసరికి ఎడమ అంచున ఆ కారు ముక్కు బయటికొచ్చింది.

మూడో స్థానంలో వచ్చింది ఫెబి. గెలవలేదు. కాని ఆ యూరప్ వాళ్ళిద్దరూ మొదటివాణ్ణి వదిలేసి ఫెబి కారు నిలిపిన చోటికే వచ్చారు. ఏడాదికి తీసుకుంటాం అన్నారు. పందెం పొడుగునా రేడియో విన్నారట, ఒక్క ముక్క అర్థం కాలేదట గాని, అంత ప్రశాంతమైన స్పాటర్‌ని తాము చూడలేదట. ఎవరాయన అనడిగారు. మస్తాన్ మాట రాక చేత్తో చూపించాడు. ఆ ప్రశాంతమూర్తి కప్పు మెట్ల మీద కూలబడి, మడమ ఊడిపోయిన బూటు చేత్తో పట్టుకుని, ఆ మడమ కోసం అటూ ఇటూ వెతుకుతున్నారు.

సంతకాలకని ఫెబి అక్కడే ఉండిపోయింది. ఎడ్వర్డ్ గార్ని నా కారులో ఇంటికి తీసుకొస్తున్నాను. పెద్ద రోడ్డు ఎక్కామో లేదో, వెనకనుంచి ల్యాండ్ క్రూజరొకటి లైట్లు కొట్టుకుంటూ మీదికొచ్చింది, ముందునుంచి పికప్పొకటి అడ్డంగా దూరింది. నేను నిజం బ్రేకు మీద నిలబడ్డాను. టైర్లు కీచుమన్నాయి. అంత మంచి డ్రైవర్ని, నాకే ముచ్చెమటలు పట్టాయి. పక్కకి చూద్దును గదా, ఎడ్వర్డ్ గారు కాలు మీద కాలు వేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఎడ్వర్డ్ గారూ! నరం?"

ఆయన ఉలిక్కిపడి, గబుక్కున కాలు దించి, మొహమాటానికి ఒకసారి చిన్నగా తొక్కారు.

"ఇప్పుడు తొక్కి ఏం లాభమండీ? చెప్పండి," అన్నాను.

ఆయన నవ్వారు. "ఫెబి మొదటిసారి కార్టు నడిపిన రోజున కంచె అవతల నుంచుని కాలితో నేల తన్నేశానండి. దిగొచ్చి, 'డాడీ, నీకు భయమేస్తోందా? అయితే మానేస్తాలే' అంది. అప్పటికే వాళ్ళమ్మ కంగారు పడిందని సైకిల్ మానేసిందండి. అంత పిచ్చిపిల్లండి అది. మనం భయపడితే మానేస్తదండి. అందుకని నరం అన్నాను."

"మరి లిఫ్టులో?"

"ఒక్క ట్రాక్ దగ్గరే తొక్కితే పట్టేస్తది గదండీ. దాని ముందు అన్నిచోట్లా తొక్కాల్సొచ్చింది."

"చర్చిలో కూడానా?"

"ప్రభువుకి తెలుసులెండి."

నేను ఒక్కొక్కటే తలుచుకున్నాను. లిఫ్టు, విమానం, క్వయిరు, చిప్స్ పొట్లం. అన్నిచోట్లా ఫెబి ఉంది. ఇన్నేళ్ళూ తైలం, పట్టీ, ఉలవనీళ్ళూ. ఈ మనిషిని చూసి ఇంతకాలం నవ్వానే అనిపించి ముద్దొచ్చింది నాకు.

"ట్రాక్ దగ్గర మటుకు నిజమేనండి," అన్నారు మెల్లిగా. "అది నేను తొక్కేది కాదు. నోటికి రావలసిన మాట కాల్లోకి పంపించేస్తానండి. అంతే."

ఫెబి ప్రయాణానికి ముందు మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించింది.

"అంకుల్, ఒక్క సాయం. నేను వెళ్ళాక వీడియో కాల్ చేసినప్పుడు మీరుంటే, డాడీ కాలు ఎలా ఉందని అడుగుతూ ఉండండి. లేకపోతే మర్చిపోయి నరం తగ్గిపోయిందనేస్తారు."

నేను తెల్లబోయాను. "నీకు తెలుసా?"

"మా అమ్మ నర్సు అంకుల్. నరం జబ్బున్న మొగుణ్ణి ఒక్కసారైనా హాస్పిటల్‌కి తీసుకెళ్ళిందా?"

నిజమే. ఈ ముక్క నాకెందుకు తట్టలేదో! "మరి ఆయన భయం తెలిశాక పందాలు మానెయ్యలేదేం?"

"మానేస్తే, డాడీ తొక్కిందంతా దండగైపోదూ?" అంది.

ఎయిర్‌పోర్టుకి బయల్దేరేటప్పుడు పెట్టెలతో ముగ్గురం లిఫ్టెక్కాం. సుసన్న గారు కింద కారు తీస్తున్నారు. లిఫ్టు కదిలింది. ధబ్‌మన్నారు ఎడ్వర్డ్ గారు.

"నరమా డాడీ?" అంది ఫెబి, ఏమీ తెలియనట్టు.

"నరమే అమ్మా."

కిందికి చేరేలోగా మళ్ళీ ఒకసారి ధబ్‌మంది. ఇద్దరూ నావైపు తిరిగి చూశారు. ఈసారి కాలు నాది.

"అంటుజబ్బులా ఉందండీ," అన్నాను.