చక్రధర్ గారు తప్పు పేరు వేసిన రోజు

చక్రధర్ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ వస్తువైనా మొదట ఎవరు చేశారో, వాళ్ల పేరు దాని మీద ఉందో లేదో చూడనిదే ఆయనకు ముద్ద దిగదు. మిస్సిసాగాలోని మా కంపెనీ ఆ జబ్బును జీతమిచ్చి పోషిస్తోంది. ఎవరో ఉచితంగా రాసిపెట్టిన కోడ్‌ను మేం వాడుకుంటున్నప్పుడు వాళ్ల షరతులు పాటిస్తున్నామో లేదో చూడడం ఆయన ఉద్యోగం. లైసెన్సులను చివరిదాకా చదివే ప్రాణి భూమ్మీద ఒకటుందని మాకు ఆయన వల్లే తెలిసింది.

మా ఇంటికి భోజనానికి వచ్చినా అంతే.

"పులిహోర బావుందమ్మా. మూలం ఎవరిది?"

"మా అత్తగారిదండీ," అంది నా భార్య పద్మిని.

"మరి గిన్నె మీద ఆవిడ పేరేదీ?"

పేరు కనుక్కుని, జేబులోంచి స్టిక్కర్ తీసి, 'మూలకర్త: జానకమ్మ' అని రాసి అంటించారు. డిష్‌వాషర్‌లో ఎన్నిసార్లు వేసినా అది ఊడలేదు. పద్మిని ఇంకా వేస్తూనే ఉంది.

ఇంతటి మహానుభావుడికి నీరజ చిక్కింది. కొత్తగా చేరిన అమ్మాయి. ప్రొబేషన్ ఇంకో వారంలో ముగుస్తుంది. విడిగా ఉంచి, అవసరమైనప్పుడు పిలవాల్సిన ఒక ఉచిత లైబ్రరీని, అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్ కట్టను, ఏకంగా మా ప్రోగ్రాం కడుపులో కలిపేసింది. అలా కలిపి అమ్మితే మా సొంత కోడ్ ఫైళ్లు కొన్నిటిని కూడా కస్టమర్ల చేతిలో పెట్టాలని ఆ లైసెన్సు షరతు. సోమవారం రిలీజ్ అనగా, శుక్రవారం చక్రధర్ గారు కనిపెట్టి ఆపేశారు.

మేనేజర్ త్యాగరాజు మీటింగ్ పెట్టాడు. "ఎవరండీ కలిపింది? పేరు చెప్పండి."

నీరజ తల వంచుకుంది. పేర్లు చెప్పడమే వృత్తిగా బతికిన మనిషి ఎదురుగా కూర్చున్నారు. ఇక ఈ అమ్మాయి సామాను సర్దుకోవాల్సిందే అనుకున్నాను.

"ఆ కోడ్ రివ్యూ చేసి పంపింది నేనే. రిపోర్టులో నా పేరు రాసుకోండి," అన్నారు చక్రధర్ గారు.

ఆ రివ్యూ జరిగిన వారం ఆయన సస్కటూన్‌లో మేనకోడలి పెళ్లిలో ఉన్నారు. తప్పు పేరు వేయడం ఆయన జీవితంలో అదే మొదలు.

శనివారమంతా నీరజ పక్కన కూర్చుని, ఆమె చేతే లైబ్రరీని విడదీయించారు. సోమవారం రిలీజ్ వెళ్లింది. రిపోర్టు చివర 'సరిచేసింది: నీరజ' అని రాశారు. మేనేజర్లు చదివేది చివరి లైనే కనుక, త్యాగరాజు ఆమె ప్రొబేషన్ కాగితం మీద ఆనందంగా సంతకం పెట్టాడు.

మర్నాడు నీరజ ఆయనకు గోంగూర పచ్చడి సీసా తెచ్చింది. దాని మీద స్టిక్కర్: 'మూలం: మా అమ్మ వైదేహి. మార్పు: కారం తగ్గించాను. నీరజ.'

ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"మార్చిన తేదీ వేయలేదమ్మా," అంటూ పెన్ను ఆమె చేతికిచ్చారు. ఆమె రాయడం పూర్తికాకముందే మూత తీసేశారు.