అన్నం బండికి డ్రైవర్

పొద్దుటి నుంచే మబ్బు పట్టింది. ఆరబోసిన వడ్లు తడుస్తాయని కుప్ప చేసి టార్పాలిన్ కప్పుతున్నాను. పక్కింటి నుంచి చిన్నమ్మ కేక వినిపించింది. ఆమె నడుము పడిపోయి మంచం మీదే ఉంటుంది. వెళ్లేసరికి ఆమె భర్త, మా కాక, పొయ్యి ముందు పీట మీదే గోడకు ఒరిగి ప్రాణం వదిలి ఉన్నాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

కాక బెల్లంపల్లిలో బొగ్గు బాయిలో, అంటే గనిలో, పని చేసి రిటైరైనవాడు. ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. కూర్చుని వండేవాడు గానీ, పళ్లెం మంచం దాకా మోయడానికి ఆయాసపడేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. చిన్నమ్మను తీసుకుపోతానని లక్సెట్టిపేటలో ఉన్న ఆమె చెల్లెలు చాన్నాళ్లుగా అడుగుతోంది. కాక ఒప్పుకోలేదు. మేం అన్నం తెచ్చిపెడతామన్నా వినలేదు.

"ఇయ్యాల తెస్తవ్. నాట్లప్పుడు తెస్తవా?" అన్నాడు.

ఫోన్‌లో వీడియోలు చూసి, పళ్లెం మోసే చిన్న బండి చేయడం మొదలుపెట్టాడు. అన్నీ కుదిరాయి గానీ మోటార్ డ్రైవర్ బోర్డు దగ్గరే ఆగింది. బ్యాటరీ కరెంటును చక్రాల మోటార్లకు అందించేది అదే. పరీక్షించేటప్పుడు బండిని ఇటుక మీద పెట్టి, చక్రాలు నేలకు తగలకుండా చూసి, "హుషార్!" అని అరిచి మీట నొక్కేవాడు. బాయిలో మందు పేల్చే ముందు వేసే కేక అది. నొక్కాక నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"పొగ పోనియ్యి, అటెన్క దగ్గర్కి పో."

అక్కడ పొగ ఉండేది కాదు.

గాలిలో చక్రాలు బాగానే తిరిగేవి. నేల మీద పెట్టి అన్నం పళ్లెం ఎక్కించగానే బోర్డు కాలిపోయేంత వేడెక్కి ఆగిపోయేది. బోర్డు మార్చినా అంతే.

"నీ డ్రైవర్ ఏ యూనియనోడయ్యా? జర బరువు వడంగనే సమ్మె జేస్తుండు" అనేది చిన్నమ్మ.

"సమ్మె గాదే, ఆనికి దమ్ము సాల్తలేదు" అని కాక నవ్వబోయి దగ్గేవాడు.

ఒకరోజు ఖాళీ పళ్లెంతో బండి మంచం దాకా వచ్చింది. చిన్నమ్మ పళ్లెం తీసుకుని చూసింది.

"ఉత్త పళ్లెమన్న అచ్చింది. తిన్ననే అనుకుంట తీ."

 కాక ఆ పళ్లెం తీసుకుపోయి అన్నం పెట్టుకుని, గోడ పట్టుకుని ఆగుతూ ఆగుతూ తనే తెచ్చాడు. 

కాక దినాలు అయ్యాక చిన్నమ్మ నన్ను పిలిచింది.

"ఓసారి నడిపియ్యి బిడ్డా."

పళ్లెంలో అన్నం పెట్టి బండి మీద ఉంచాను. మీట మీద వేలు పెట్టగానే మంచం మీద నుంచి ఆమె, "హుషార్" అంది. గట్టిగా అనలేదు. బండి కదిలింది. వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగింది.  నేనే పళ్లెం తీసి ఆమె చేతికిచ్చాను.

ఆదివారం పొద్దున చెల్లెలు ఆటోలో వచ్చి చిన్నమ్మను లక్సెట్టిపేట తీసుకుపోయింది.